ఊఁ

మొన్న మా ఇంటికొచ్చిన చుట్టాలావిడ, మా మనవరాలు ఫోనులో పింగూ చూస్తుంటే కాసేపు తొంగిచూసి, "ఇందులో మాటలే లేవు. ఇలాంటివి చూపిస్తే పిల్లకి మాటలేం వస్తాయి పిన్నీ?" అంది. నాకు ఒళ్ళు మండింది. ఇంటికొచ్చిన మనిషి కదా అని కాఫీ ఇచ్చి ఊరుకున్నాను గానీ, మూడు రోజులుగా ఆ మాట గొంతులో చేపముల్లులా గుచ్చుకుంటూనే ఉంది. పిల్లల చేతికి ఫోను ఇవ్వడం తప్పని అనుంటే ఒప్పుకునేదాన్ని. మాటలే లేవు అంటుందేమిటి! ఆ పెంగ్విన్ పిల్లాడు నోరు మూసుకుని కూర్చున్నదెప్పుడు?

చూడనివాళ్ళ కోసం నాలుగు ముక్కలు. పింగూ మంచుదేశంలో, మంచుగడ్డల ఇంట్లో, అమ్మానాన్నలతోనూ పింగా అనే చెల్లెలితోనూ ఉంటాడు. నాన్న ఉత్తరాలు పంచే పోస్ట్‌మాన్. రాబీ అనే సీల్ పిల్ల వీడికి జతగాడు. కోపం వచ్చినా, సరదా పుట్టినా వీడి ముక్కు సన్నాయిలా ముందుకు సాగి "నూట్ నూట్" అని మోగుతుంది. ఈ ప్లాస్టిసిన్ బొమ్మలకి ప్రాణం పోసినవాడు ఓట్మార్ గుట్మన్. స్విట్జర్లాండ్‌లో జ్యూరిక్‌కి దగ్గరగా రుసికాన్ అనే ఊళ్ళో ఉన్న స్టూడియోలో తీశారు. 1990లో అక్కడి టీవీలో మొదలైంది. నాలుగేళ్ళు తిరక్కుండానే, 1993లో గుట్మన్ పోయాడు.

ఒక్కో కథ ఐదు నిమిషాలు. అక్కడి టీవీలో సెకనుకు 25 ఫ్రేములు నడుస్తాయి. ఒక్కో భంగిమకి రెండేసి ఫ్రేములు తీసినా ఐదు నిమిషాలకి 3,750 సార్లు ఆ ప్లాస్టిసిన్ ముద్దని వేలితో నొక్కాలి, కాస్త జరపాలి, చెయ్యి వెనక్కి తీసుకోవాలి, ఫొటో తియ్యాలి. పింగూ ఒక్క అడుగు వెయ్యాలంటే ఎవరో ఒక పూటంతా నడుం వంచి నిలబడాలి. అంత కష్టపడి వాళ్ళు చూపించిందేమిటంటే, అన్నం దగ్గర పేచీ పెట్టే పిల్లాడు. చెల్లెలంటే ఉడుక్కునే పిల్లాడు. ఒక కథలో అల్లరి చేసి, దెబ్బలు తిని, రాత్రిపూట ఇల్లు విడిచి పోతాడు. చీకట్లో మంచుగడ్డలు దయ్యాల్లా మీదికొస్తాయి. అమ్మానాన్నలు వెతుక్కుంటూ వచ్చి తీసుకుపోతారు. ఆ కథ చూసినప్పుడల్లా మా మనవరాలు నా చీర కుచ్చెళ్ళు పట్టుకుంటుంది. దానికి అందులో అర్థం కానిదేమైనా ఉందా?

అసలు సంగతి ఆ గొంతు. అమ్మ కసిరినా, నాన్న గొణిగినా, పింగా ఏడ్చినా, పింగూ దబాయించినా అన్నీ ఒక్క గొంతే. కార్లో బొనోమి అని, మిలాన్ మనిషి. మొదటి పదేళ్ళ కథలన్నిటికీ ఆయనే. చేతిలో రాసిచ్చిన కాగితం ఉండేది కాదు. ఆ క్షణాన తోచిన ధ్వని పలికేవాడు. ఇటలీలో విదూషకులు వాడే గ్రామెలాట్ అనే పద్ధతి ఒకటుంది. అందులో ఒక్క మాటకీ నిఘంటువులో అర్థం దొరకదు, మనసులో ఉన్నది మాత్రం ఎదుటివాడికి తెలిసిపోతుంది. 1997లో సాహిత్యానికి నోబెల్ అందుకున్న దారియో ఫో దాన్ని వేదికల మీద వెలిగించాడు. బొనోమి అయితే పింగూకి ఎంతో ముందే, ఒస్వాల్దో కవందోలి గీసిన 'లా లీనియా'లో ఒకే ఒక్క గీతతో తయారైన మనిషికి ఇలాంటి గొంతే ఇచ్చాడు. ఆ గీతమనిషి 1969లో వంటపాత్రల ప్రకటనల కోసం పుట్టాడు. కాళ్ళ కింద గీత తెగిపోయినప్పుడల్లా గీసేవాడి మీద విరుచుకుపడతాడు. ఆ తిట్లు వినాలి! పదం తెలియకపోయినా కడుపు నిండా తిట్టినట్టే ఉంటుంది.

తర్వాత పింగూని ఇంగ్లండు వాళ్ళు కొనుక్కున్నారు. 2003 నుంచి వచ్చిన కథల్లో బొనోమి లేడు. డేవిడ్ సాంట్, మార్చెల్లో మాన్యీ అనే ఇద్దరు నటులు పలికారు. మంచి నటులే, కాదనను. కానీ ఆ కథలు నేను కళ్ళు మూసుకుని విన్నాను. అమ్మ విసుక్కున్నప్పుడు ఆ విసుగు అడుగున ఉండే ప్రేమ నాకు దొరకలేదు. బొనోమి 2022 దాకా బతికే ఉన్నాడు. గొంతు ఉన్న మనిషి ఉండగా ఇంకో గొంతు పెట్టడమేమిటన్నది నా బాధ. ఇన్నేళ్ళయినా తగ్గలేదు. ఇక 2017లో జపాన్‌లో కంప్యూటర్ మీద చేసిన పింగూ గురించి నేను మాట్లాడదలుచుకోలేదు. అందులో వేలి నొక్కు లేదు.

మాటలు లేకపోతే మాటలు రావు అన్నావిడ తెలుగుదే కదా. ఊఁ కొట్టేవాళ్ళు లేకుండా మన ఇళ్ళల్లో ఏ కథ అయినా నడిచిందా? "ఊఁ" అంటే వింటున్నాను. "ఊఁ?" అంటే తర్వాతేమైంది. "ఊఁ ఊఁ" అంటే ఇది తెలిసిందే, ముందుకు పద. సాగదీసి "ఊఁఁ..." అంటే నమ్మబుద్ధి కావట్లేదు. గట్టిగా "ఊఁ!" అంటే లే, కదులు. "ఉహూఁ" సంగతి చెప్పనే అక్కర్లేదు. పిల్లలు అమ్మ అనడానికన్నా ముందు నేర్చేది ఈ భాషే. మా మనవరాలు పింగూకి ఊఁ కొడుతుంది. పింగూ ఆగితే ఇది అందుకుంటుంది.

బొనోమి గురించి ఇంకొకటి చెప్పాలి. మిలాన్ సెంట్రల్ స్టేషన్లో ఏ రైలు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో ఏళ్ళ తరబడి చెప్పింది కూడా ఆయన గొంతే. ఒక్క అక్షరం తడబడకుండా, స్పష్టంగా, ఊరూ పేరూ వేళా చెప్పే గొంతు. అదే గొంతు స్టూడియోలోకి పోయి నూట్ నూట్ అనేది. ఈ సంగతి తెలిసినరోజు నాకు చాలాసేపు వేరే పని తోచలేదు.

మా నాన్న రైల్వేలో చేసేవారు. తెనాలి స్టేషన్లో, మైకు ముందు. అప్పట్లో ఇప్పటిలా రికార్డు చేసిన గొంతులు లేవు, మనిషే కూర్చుని చెప్పాలి. "కాకినాడ నుంచి మద్రాసు వెళ్ళు సర్కార్ ఎక్స్‌ప్రెస్" అని ఆయన మొదలుపెడితే, పడుకున్న ముసలివాళ్ళు కూడా లేచి మూట సర్దుకునేవాళ్ళు. ఇంట్లో మాత్రం ఆయనకి మాటలుండేవి కావు. పొద్దుట లేచింది మొదలు అన్నీ ఊఁలే. అమ్మకి ఆ ఊఁలన్నీ విడివిడిగా తెలుసు. ఇది మంచినీళ్ళ ఊఁ, ఇది చొక్కా గుండీ ఊడిందన్న ఊఁ. మధ్యాహ్నం నేను క్యారేజీ పట్టుకెళితే, మైకు కట్టేసి, గిన్నె వైపు చూసి "ఊఁ?" అనేవారు. "దొండకాయ" అనేదాన్ని. "ఊఁ" అనేవారు.

ఒకరోజు క్యారేజీ లేకుండా పరుగెత్తుకుంటూ వెళ్ళాను. అమ్మని తెల్లవారుజామునే ఆసుపత్రిలో చేర్చారు. నాన్నకి డ్యూటీ తప్పలేదు. నేను వెళ్ళేసరికి రైలు సంగతి రెండోసారి చెబుతున్నారు. వేలెత్తి ఆగమన్నారు. ఆగాను. ఆఖరి మాట అయింది, చెయ్యి స్విచ్చి వైపు వెళుతోంది, నేనిక ఉండబట్టలేక "తమ్ముడు నాన్నా" అనేశాను.

నాన్న చెయ్యి స్విచ్చి మీదే ఆగిపోయింది. "ఊఁ!" అన్నారు. ఆ ఊఁ తెనాలి ప్లాట్‌ఫారాలన్నిటి మీదా వినిపించింది.