లైన్లో ఉంది

కంటైనర్ అనగానే మా ఆఫీసులో అందరికీ గుర్తొచ్చేది డాకర్. 2013లో వచ్చిన ఆ సాఫ్ట్‌వేర్ లోగోలో తిమింగలం వీపు మీద పెట్టెలు పేర్చి ఉంటాయి. కోడ్‌ని ఒకసారి పెట్టెలో సర్దేస్తే ఏ మెషీన్ మీదైనా ఒకేలా నడుస్తుంది, కింద ఏముందో పట్టించుకోనక్కర్లేదు అంటారు. అసలు కంటైనర్ల విషయంలో నాకు ఆ వెసులుబాటు లేదు. కింద ట్రైలర్, ముందు క్యాబిన్‌లో మా నాన్న ఉండేవాడు.

2003లో విశాఖలో కంటైనర్ టెర్మినల్ మొదలైనప్పుడు నేను హైస్కూల్లో ఉన్నాను. అప్పటిదాకా ఉక్కు లోడ్లు తోలిన నాన్న ఆ తర్వాత డబ్బాలకి మారాడు. మా ఇంట్లో వాటిని డబ్బాలనే అనేవాళ్ళం. నాన్న ఎక్కడున్నాడని ఫోన్ చేస్తే ఒకటే జవాబు: "లైన్లో ఉన్నాను." నా ఎంసెట్ కౌన్సెలింగ్ రోజున కూడా అదే మాట. రావడం ఇష్టం లేక చెప్పే సాకేమో అనుకున్నాను. చాలా ఏళ్ళు అలాగే అనుకున్నాను.

రెండేళ్ళ క్రితం హైదరాబాద్‌లో కంటైనర్లని ట్రాక్ చేసే ఒక కంపెనీలో చేరాను. ఓడ నుంచి దిగింది, పోర్టు గేటు దాటింది, ఫ్యాక్టరీ చేరింది, ఖాళీది తిరిగొచ్చింది అని మాకు మెసేజీలు వస్తాయి. మధ్యలో రోడ్డు మీద ఉన్నంతసేపూ మ్యాపు మీద ఒక చుక్క, అంతే. బండి నాలుగు గంటలు కదలకపోతే చుక్క ఎర్రబడి పక్కన 'ఐడిల్' అని పడాలి. ఆ రూల్ రాసింది నేనే.

కంటి ఆపరేషన్‌కని నాన్న హైదరాబాద్ వచ్చినప్పుడు లాప్‌టాప్ తెరిచి కాస్త గొప్పగానే చూపించాను. విశాఖ దగ్గర గుంపుగా ఉన్న చుక్కల మీద వేలు పెట్టాడు.

"ఇవి ఎర్రగా ఉన్నాయేటి?"

"ఆగిపోయాయి నాన్నా."

"ఆగిపోనేదురా. లైన్లో ఉన్నాయి."

ఆ పూట మొదటిసారి నాన్న పని గురించి నేను కుదురుగా విన్నాను. దిగుమతి డబ్బా ఓడ దిగగానే రోడ్డెక్కదు. కస్టమ్స్ వదలాలి, షిప్పింగ్ లైన్ వాళ్ళు డెలివరీ ఆర్డర్ ఇవ్వాలి, గేట్ పాస్ రావాలి. కాగితాలు ఏజెంటు చూసుకుంటాడు. ఆ కాగితాల కోసం డ్రైవరు చూస్తుంటాడు. లోపలికి వెళ్ళాక తన డబ్బా మీద ఇంకో మూడు పేర్చి ఉంటే అవి తీసేదాకా ఆగాలి. క్రేను దాన్ని ట్రైలర్ మీద దించాక నాలుగు మూలలా ట్విస్ట్ లాకులు బిగించాలి. తర్వాత నంబరు చూసుకోవాలి: నాలుగు అక్షరాలు, ఏడు అంకెలు. చివరి అంకె మిగతావాటి నుంచి లెక్కగట్టినది, నంబరు రాయడంలో తప్పు దొర్లితే పట్టుకోవడానికి. నా కోడ్ ఆ లెక్క క్షణంలో చేసేస్తుంది. నాన్న కాగితం మీద నంబరూ డబ్బా మీద నంబరూ వేలు పెట్టి ఒక్కొక్కటే చదివేవాడు, సీలు నంబరు మళ్ళీ విడిగా.

కొన్ని డబ్బాలు రైల్లోనూ వస్తాయి. 45 వ్యాగన్ల మీద ఇరవై అడుగులవి 90 దాకా పడతాయి. కానీ సనత్‌నగర్ డిపోలో దిగాక ఫ్యాక్టరీకి చేరాలంటే మళ్ళీ ట్రైలరే కావాలి. అక్కడ సరుకు దించే మనుషులు వచ్చేదాకా మళ్ళీ ఆగాలి. ఖాళీ అయిన డబ్బాని షిప్పింగ్ లైన్ చెప్పిన యార్డులో అప్పగించాలి. గడువు దాటితే రోజుకింతని డిటెన్షన్ పడుతుంది, అది సరుకు తెప్పించుకున్నవాళ్ళు కట్టుకుంటారు. డ్రైవరు ఆగిన రోజులకి హాల్టింగ్ ఇవ్వడం, ఇవ్వకపోవడం ఓనరు దయ.

"డబ్బాకి రోజు లెక్క ఉందిరా, నాకు నేదు," అన్నాడు నాన్న. ఫిర్యాదులా కాదు, రూటు చెబుతున్నట్టుగా చెప్పాడు.

మార్క్ లెవిన్సన్ రాసిన 'ద బాక్స్' అప్పటికే చదివాను. 1956 ఏప్రిల్ 26న 'ఐడియల్ ఎక్స్' అనే ఓడ 58 పెట్టెలతో న్యూవార్క్ నుంచి హ్యూస్టన్‌కి బయల్దేరడం దగ్గర మొదలవుతుంది ఆ పుస్తకం. విడి సరుకు ఎక్కించడానికి టన్నుకి 5.83 డాలర్లు అయ్యే రోజుల్లో ఆ పెట్టెలతో 16 సెంట్లు కూడా కాలేదు. దాని వెనకున్న మాల్కం మెక్లీన్ లారీల యజమాని. 1937లో పత్తి లోడుతో న్యూజెర్సీ రేవులో పడిగాపులు పడుతుంటే ఈ ఆలోచన వచ్చిందని ఆయనే చెప్పుకున్నాడు. లెవిన్సన్ ఆ కథని నమ్మడు. నాకు మాత్రం అది నిజమైతే బాగుండు అనిపిస్తుంది. లైన్లో విసిగిపోయిన ఒక డ్రైవరు లైన్ లేకుండా చేద్దామనుకున్నాడన్నమాట. చివరికి ఓడలు రేవులో కాసుకుని ఉండటం తగ్గింది. లారీలు మాత్రం గేటు బయట ఇంకా ఉన్నాయి.

నన్ను ఇబ్బంది పెట్టిన సంగతి వేరే ఉంది. ఎర్ర చుక్కలు ట్రాన్స్‌పోర్టర్ల స్కోరులోకి వెళ్తాయి, స్కోరు తగ్గితే లోడ్లు తగ్గుతాయి. ఆ సంగతి రూల్ రాసేటప్పుడే నాకు తెలుసు, డాక్యుమెంట్‌లో చదివాను. తెలిసే రాశాను. కదలకపోతే పని చెయ్యనట్టే అనే లెక్క నాకు ఎవరూ చెప్పలేదు. ఎంసెట్ కౌన్సెలింగ్ నాటి నుంచీ అది నాలోనే ఉంది.

మర్నాడు ఒక టికెట్ పెట్టాను. బండి పోర్టు, యార్డు, ఫ్యాక్టరీ హద్దుల దగ్గర ఆగితే దాన్ని ఐడిల్ అనొద్దు, ఆ గంటల్ని బండి ఖాతాలో కాకుండా ఆ చోటు ఖాతాలో రాయాలి అని. మీటింగుల మీద మీటింగులు అయ్యాక సగానికి ఒప్పుకున్నారు. రంగు మారింది. గంటలు ఎవరి ఖాతాలో వేయాలన్నది తర్వాత చూద్దామన్నారు. ఆ టికెట్ ఇంకా ఓపెన్‌లోనే ఉంది.

నాన్నకి ఫోన్ చేసి చెప్పాను, ఇప్పుడు లైన్లో ఉన్న బళ్ళు ఎర్రగా కాదు, పసుపుగా కనిపిస్తాయని.

"పసుపైతే హాల్టింగ్ ఇస్తారేటి?" అన్నాడు.