చీర కవర్లో బిల్లులు

వదిన మందుల బిల్లులన్నీ ఒక చీర కవర్లో దాచింది. 2025 మార్చిలో, ట్రీట్‌మెంట్ అయిపోయిన ఏడాదికి, నేను అడిగితే బీరువాలో బట్టల కిందనుంచి తీసి ఇచ్చింది. "ఇప్పుడెందుకివి? పారేద్దామనుకున్న" అంది.

మాది బుద్వేల్. రైల్వే స్టేషన్ దగ్గర పాత ఇళ్లలో అన్నయ్యావాళ్లుంటారు, పక్క గల్లీలో నేను. 2023 ఆగస్టులో ఇక్కడి వందెకరాలు హెచ్‌ఎండీఏ వేలం వేస్తే ఎకరం నలభై కోట్లు దాటి పలికిందని పేపర్లన్నీ రాశాయి. మా ఇంట్లో ఆ వార్త ఎవరూ పూర్తిగా చదవలేదు. వదిన రొమ్ములో గడ్డ క్యాన్సరేనని ఆ రోజుల్లోనే తేలింది.

అన్నయ్య కంపెనీ ఇన్సూరెన్స్ ఉంది కదా అని ఒక కార్పొరేట్ హాస్పిటల్‌కి వెళ్లాం. ఇన్సూరెన్స్ ఆపరేషన్‌తోనే దాదాపు అయిపోయింది. కీమో మొదలయ్యాక గాజులు, ఆ తర్వాత నల్లపూసలు. ఆడవాళ్ల జబ్బులకు ఆడవాళ్ల బంగారమే ముందు కరుగుతుంది. ఎందుకో ఎవరూ అడగరు. నేనూ అడగలేదు.

కీమో ఇచ్చిన మర్నాడు పెగ్‌ఫిల్‌గ్రాస్టిమ్ అనే ఇంజక్షన్ వేయించాలన్నారు. తెల్లరక్తకణాలు పడిపోకుండా కాపాడేది అదే. హాస్పిటల్ మందుల షాపులో పెట్టె మీద ధర తొమ్మిది వేల పైచిలుకు. బయట కొనుక్కోవచ్చా అని అడిగాను. కౌంటర్‌లో అమ్మాయి మర్యాదగానే చెప్పింది: "తెచ్చుకోండి మేడమ్. కానీ ఇది ఫ్రిజ్‌లో ఉండాల్సిన మందు. ఏమన్నా అయితే మాకు సంబంధం లేదని సంతకం పెట్టాలి." ఎవరూ బలవంతపెట్టలేదు. ఇరవై ఏళ్లుగా పాఠాలు చెబుతున్న నేను, సెమినార్లలో ప్రశ్నలు వేసే నేను, కార్డు తీసి ఇచ్చాను.

మూడోసారి కీమోకి నాకు పరీక్షల డ్యూటీ పడింది. వదిన వెళ్లొచ్చి, ఇంజక్షన్ మన గల్లీ నర్సమ్మతో వేయించుకున్నానంది. తొమ్మిదో రోజున జ్వరం నూటమూడు. మళ్లీ అదే హాస్పిటల్‌లో ఐసీయూ, ఆరు రోజులు. కణాలెందుకు ఇంతగా పడిపోయాయి, ఇంజక్షన్ వేయించారా అని డాక్టరు అడిగితే వదిన గోడవైపు తిరిగి పడుకుంది. వార్డుకి మార్చాక నాకు మాత్రం చెప్పింది. "నీకు జెప్తే ఊకుంటవా? పిల్లగాని ఫీజు గట్టే రోజులొచ్చినయి. ఒక్కసారికేమైతదిలే అనుకున్న."

నాలుగోసారికి ఐస్ డబ్బా పట్టుకుని కోఠి వెళ్లాను. హోల్‌సేల్ షాపులో అదే మందు, మరో కంపెనీది, రెండు వేల లోపే. పెట్టె మీద మాత్రం ఎనిమిది వేల చిల్లర. ఇదేమిటని అడిగితే షాపాయన నవ్వాడు. "ఎమ్మార్పీ ఎంత ఎక్కువుంటే పెద్ద హాస్పిటల్ అంత ఇష్టంగా కొంటది మేడమ్. తక్కువేసినోని మాల్ ఎవరు పెడతరు?"

పోటీ ఉంటే ధర తగ్గుతుందని చదువుకున్నాం. అది అబద్ధమేమీ కాదు. 2012లో మన హైదరాబాద్ నాట్కోకి కంపల్సరీ లైసెన్స్ ఇచ్చినప్పుడు నెలకు రెండు లక్షల ఎనభై వేలున్న క్యాన్సర్ మందు ఎనిమిది వేల ఎనిమిది వందలకు దిగింది. తయారీలో పోటీకి అంత బలముంది. మరి అదే ఊళ్లో, ఆఖరి పదడుగుల దగ్గర, డాక్టరు గదికీ మందుల కౌంటర్‌కీ మధ్య, అది తలకిందులెందుకయింది? మందు రాసేవాళ్లూ అమ్మేవాళ్లూ ఒకే యజమాని కింద ఉంటే కంపెనీలు పోటీపడేది వదిన కోసం కాదు, ఆ యజమాని కోసం. ఎవరు ఎక్కువ మార్జిన్ ఇస్తే వాళ్ల పెట్టె అరలో ఉంటుంది. జాబితాలో లేని మందుకి మొదట ఎంత ధర ముద్రించుకోవాలన్నది కంపెనీ ఇష్టం. ఆ తర్వాత ఏడాదికి పదిశాతం మించి పెంచకూడదని మాత్రమే రూలు. చీటీలో రాసిన బ్రాండు బదులు మరొకటివ్వడానికి ఫార్మసిస్టుకి చట్టం ఒప్పుకోదు. తినే మనిషికి ఎంపిక ఎక్కడా లేదు.

ఇది కోఠి షాపాయన మాట మాత్రమే కాదు. 2018 ఫిబ్రవరిలో మందుల ధరల నియంత్రణ సంస్థ ఎన్‌పీపీఏ ఢిల్లీ ప్రాంతంలోని నాలుగు ప్రైవేటు హాస్పిటళ్ల బిల్లులు పరిశీలించి, మార్జిన్లు 1,737 శాతం దాకా ఉన్నాయని బయటపెట్టింది. ఎమ్మార్పీ పెంచి ముద్రించాలని హాస్పిటళ్లే అడుగుతున్నాయనీ చెప్పింది. 2019లో 42 క్యాన్సర్ మందుల మీద వ్యాపార మార్జిన్‌ను 30 శాతానికి కట్టడి చేశారు. మంచిదే. కానీ అది ధర మీద పెట్టిన తాళం. షాపు ఎవరిదన్న ప్రశ్న జోలికి పోలేదు. అమెరికాలో ఆర్కాన్సా రాష్ట్రం 2025లో ఆ ప్రశ్నే వేసింది. బీమా కంపెనీల తరఫున మందుల బేరాలు నడిపే సంస్థలు సొంతంగా మందుల షాపులు పెట్టుకోకూడదని చట్టం చేసింది. కొన్ని నెలలకే ఫెడరల్ కోర్టు దాన్ని ఆపేసింది. అయినా, అలా అడగవచ్చని తెలిసింది కదా.

మన దగ్గర అడిగిందీ ఒక రొమ్ము క్యాన్సర్ ఇంటివాళ్లే. తల్లి వైద్యంలో ఎదురైన అనుభవంతో ఢిల్లీలో ఒక కొడుకూ, ఆమె భర్తా సుప్రీంకోర్టుకెళ్లారు. హాస్పిటల్ షాపులోనే కొనాలన్న నిర్బంధమేదీ లేదని కేంద్రం చెప్పింది. నా సంతకం కాగితం గుర్తొచ్చింది. నిజమే, నిర్బంధం లేదు. 2025 మార్చి 4న కోర్టు, ఇది రాష్ట్రాలు విధానంగా తేల్చుకోవలసిన విషయమని వదిలేసింది. ఆ వార్త చదివిన రోజే వదినని బిల్లులడిగాను.

ఇక్కడ మన గురించి కూడా ఒక మాట. 1985లో పటాన్‌చెరులో నెట్-ఎన్ ఇంజక్షన్ ప్రయోగాలను స్త్రీశక్తి సంఘటన నిలదీసింది, ఆ మర్నాటి ఏడాది మిగతా సంఘాలతో కలిసి సుప్రీంకోర్టుకెళ్లింది. మన ఒంట్లోకి ఏ మందు వెళుతోందని అడగడం వాళ్ల దగ్గరే నేర్చుకున్నాం. ఒంట్లోకి చేరని మందు సంగతి, అది చేరకుండా అడ్డుపడ్డ కౌంటర్ ఎవరిదన్న సంగతి, కామర్సు వాళ్ల లెక్కగా వదిలేశాం. నేనైతే వదిలేశాను.

రాష్ట్ర ఆరోగ్యశాఖకి ఉత్తరం రాద్దామని కూర్చున్నాను. వదిన పేరు రాయొద్దంది. "పేరు లేకుంటే ఎవరు నమ్ముతరు?" అని మళ్లీ తనే అంది. ఇంకా తేల్చుకోలేదు. ఈలోగా బిల్లులు తేదీల వారీగా పేర్చి, ఇంజక్షన్ బిల్లులు వేరుగా తీశాను. మొదటిది ఉంది, రెండోది ఉంది. నాలుగోదానికి కోఠి షాపు చిట్టీ, పసుపురంగుది. మూడోదాని కోసం కవరు తిరగేసి దులుపుతుంటే వదిన వంటింట్లోంచి చూసి, "అది లేదు కదా" అంది.