మురికోళ్ళు

‘డర్టీ డజన్’ అనే అమెరికా యుద్ధ సినిమా 1967లో వచ్చింది. రాబర్ట్ ఆల్డ్రిచ్ తీశాడు. 1944లో సైనిక జైల్లో ఉన్న పన్నెండుమంది ఖైదీల్ని ఏరి, ఫ్రాన్సులో జర్మను అధికారులు చేరే ఒక కోట మీదికి చావుకు పంపించే కథ. అయిదుగురికి ఉరిశిక్ష, మిగిలినోళ్ళకి ఏళ్ళ తరబడి కఠినశిక్ష. హంతకులున్నారు, ఆడదాన్ని చెరిచినోడున్నాడు. మంచోళ్ళ కథ కాదు.

ఆ పేరు వాళ్ళకెలా వచ్చిందో చూడండి. చన్నీళ్ళతో గడ్డం గీసుకోమంటే గీసుకోం అని మొరాయిస్తారు. మేజరు సబ్బూ వేణ్ణీళ్ళూ అన్నీ ఆపించేస్తాడు. ఒళ్ళు కంపుకొట్టేసరికి కాపలా సార్జెంటు వాళ్ళకి మురికోళ్ళని పేరు పెడతాడు. నీళ్ళు ఆపిందెవరు, మురికని పిలిచిందెవరు? రెండూ ఒక్క సైన్యమే.

ఈ లెక్క నాకు సినిమా చెప్పక్కర్లేదు. రావికమతంలో మా పేట పిల్లల్ని ఒక మేస్టారు, పేరెందుకులెండి, వెనక వరసలో కూచోబెట్టి “స్నానాలు చెయ్యర్రా మీరు” అనేవాడు. ఊరి నూతిలో మమ్మల్ని చేద వెయ్యనిచ్చేవారు కారు. పేటకున్నది ఒక్క బోరు, ఎండాకాలం అదీ గాలి కొట్టేది. అమ్మ నాలుగింటికి లేచి రెండు బిందెలు తెచ్చేది. ఒకటి వంటకీ తాగడానికీ. రెండోది నలుగురి స్నానానికి. ఆఖర్న పోసుకునేది అమ్మ, మిగిలితే.

ఆ పన్నెండుమందిలో ఒక్కడే నల్లోడు, జెఫర్సన్. జిమ్ బ్రౌన్ వేశాడు. తెల్లోళ్ళు మీద పడితే తిరగబడి చంపాడు, అందుకు ఉరి. అందరూ కలిసి తినే చోట ఒక తెల్ల ఖైదీ జెఫర్సన్ పక్కన కూచోడం మీద పేచీ పెడతాడు. వాడెవడు? ఆడదాన్ని చెరిచి చంపి ఉరికి సిద్ధంగా ఉన్నోడు. ఉరికొయ్య కింద నిలబడ్డా వాడికి అంటు పోలేదు! ఆ చోట సినిమా ఆపి కాసేపు బయట తిరిగొచ్చాను.

అసలు నిజం సైన్యంలో ఆ బల్లే లేదు. 1944లో అమెరికాలో నల్ల దళాలు వేరు, తెల్ల దళాలు వేరు. ఆ విడదీత పోవాలని ట్రూమన్ ఉత్తర్వు ఇచ్చింది 1948లో. మన దగ్గర బ్రిటిషోడు అదే యుద్ధానికి మనుషులు కావలసొచ్చి 1941లో మహార్ రెజిమెంటు, 1943లో చమార్ రెజిమెంటు లేపాడు. 1946లో చమార్ రెజిమెంటుని రద్దు చేశారు. అవసరం తీరింది.

మొన్న వేసవి సెలవుల్లో ఆ సినిమా అమ్మకి చూపించాను. ఇంగ్లీషు రాదు, అయినా కళ్ళు తిప్పలేదు. ఆఖర్న జర్మన్లని నేలమాళిగలో బంధించి, పైనున్న గాలిగొట్టాల్లో పెట్రోలు పోస్తారు. ఇక ఒకడు పరుగెత్తుతూ గొట్టం గొట్టానికీ బాంబు జారవిడవాలి. జెఫర్సన్ పరుగెత్తాడు. తిరిగి బండి అందుకోబోతుంటే తూటా తగిలి పడిపోయాడు.

“ఒరే, ఆ పరుగు ఆడికే సెప్పినారేటి? ఇంకెవులూ లేరేటి?”

“బాగా పరుగెత్తుతాడమ్మా. నిజంగా ఆటగాడు.”

“మీ తాత కూడా బాగా మోసీవోడురా. అందుకే ఊల్లో ఏ పశువు సచ్చినా ఆడికే కబురు.”

నేలమాళిగలో ఆడాళ్ళు కూడా ఉన్నారని అమ్మే చూసింది. “ఆళ్ళేటి సేసినారు?” అంది. జెఫర్సన్ మనవాడనుకున్న నేను ఆ బాంబులకి చప్పట్లు కొట్టలేకపోయాను.

అయినా ఒక్క సంగతిలో ఆ సినిమా నాకు నచ్చింది. పన్నెండుమందికీ మొహాలున్నాయి, తప్పులతో సహా. మన సినిమా అలా ఒప్పుకోదు. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్లు కొట్టిందీ ఒక ముఠాయే. సర్కారు కాయితాల్లో ఫితూరీ దొంగలు. అల్లూరి సీతారామరాజుతో గాం గంటందొర, గాం మల్లుదొర, అగ్గిరాజు, ఇంకా ఎందరో. 1974లో కృష్ణ తీసిన సినిమా మా వైపు ఎన్నిసార్లు ఆడిందో లెక్కలేదు. బయటికొచ్చినోళ్ళ నోట మాత్రం ఒక్క రాజే. రాజుని తక్కువ చెయ్యడం నా పని కాదు. కాషాయం కట్టినోడు, కల్లు వద్దన్నోడు, తెర మీద వెలుగుతాడు. మల్లుదొర తాగేవాడని చెప్పుకుంటారు. 1923లో పట్టుబడి, శిక్ష అనుభవించి, 1952లో విశాఖపట్నం నుంచి మొదటి లోక్‌సభకి గెలిచాడు. ఇన్ని మలుపులున్న మనిషి పక్కవేషగాడా? నూరు శాతం శుద్ధంగా లేనోడు మన తెర మీద వెనకే నిలబడాలి.

తొమ్మిదో తరగతిలో మన్యం పోరాటం చెప్తూ బోర్డు మీద రాజు పేరు రాశాను. ఇంకెవరని అడిగాను. కొండ మీంచొచ్చి హాస్టల్లో ఉంటున్న గుంటడొకడు లేచాడు.

“మేస్టారూ, మా ఊల్లో గంటందొర పేరే ముందు సెప్తారు.”

“వచ్చి రాయి.”

కింద బోలెడు జాగా ఉంది. వాడు మునివేళ్ళ మీద నిలబడి, రాజు పేరుకి పైన రాశాడు.