చెప్పింది తెలుస్తోందా?

గుంటూరులో స్పీచ్ థెరపిస్టుగా పనిచేస్తున్నాను. మిరపకోతలు ముగిసి మిర్చి యార్డుకు వేసవి సెలవులిచ్చాక మా గదికి రద్దీ పెరుగుతుంది. చిలకలూరిపేట, పర్చూరు, మార్టూరు వైపు నుంచి తల్లులు పిల్లల్ని చంకనేసుకుని వస్తారు. ‘వీడికింకా మాటలు రాలేదు మేడమ్. వస కూడా పోశాం’ అంటారు. నాలుక కింద నరం కోయిస్తే వస్తాయా అని కొందరడుగుతారు. వాళ్ళ నాన్నకూ ఆలస్యంగానే వచ్చాయని నానమ్మ సర్దిచెబుతుంది. నేను అడిగేది వేరు: ‘మీరు చెప్పింది వాడికి తెలుస్తోందా?’

‘అన్నీ తెలుస్తాయి, చెప్పులు తెమ్మంటే తెస్తాడు.’ తెమ్మంటున్నప్పుడే అమ్మ చెయ్యి చెప్పుల వైపు వెళ్తుంది, చూపూ అటే తిరుగుతుంది. పిల్లాడు పట్టుకునేది ఆ చేతిని. అందుకే చేతులు ఒళ్ళో పెట్టుకుని, వాడి ముఖమే చూస్తూ అడుగుతాను. ఏడాది పిల్లకు సైగ తోడు కావాలి. ఏడాదిన్నర దాటాక సైగ లేకుండానే ముక్కేదో చెవేదో చూపించాలి. రెండేళ్ళు నిండాక ‘చెప్పులు తీసి తాతకివ్వు’ అంటే రెండు పనులూ చేయాలి. మూడేళ్ళకు పైన, కింద, లోపల తెలుస్తాయి. ‘ఎందుకు’ అన్నదానికి సరైన జవాబు ఇంకాస్త ఆగితే గానీ రాదు. నాలుగేళ్ళ పిల్ల జరిగిపోయినదంతా ‘నిన్నే’ అంటే కంగారుపడక్కర్లేదు.

చెవి మాత్రం వీటన్నిటికంటే ముందే పదునెక్కుతుంది. కెనడాలో జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ ఇంగ్లీషు ఇళ్ళ పసిపిల్లలకు హిందీలోని ట, త ధ్వనులు వినిపించి 1984లో ఫలితాలు ప్రకటించారు. ఆరు నుంచి ఎనిమిది నెలల పిల్లలు తేడా పట్టారు. ఏడాది దగ్గరపడేసరికి చాలామందికి అది పోయింది. మన ఇళ్ళల్లో మూట, మూత రోజూ చెవిన పడతాయి కనుక ఆ తేడా నిలుస్తుంది. చైనా పసివాడికి మాండరిన్‌లో ‘మా’ అనే అక్షరం పలికే స్వరాన్నిబట్టి అమ్మో గుర్రమో అవుతుంది, వాడి చెవి ఆ ఎత్తుపల్లాలకు అలవాటు పడుతుంది. మన పిల్లల చెవి పడు, పాడు అన్నప్పుడు దీర్ఘాన్ని పట్టుకోవాలి.

కాబట్టి ఆ మొదటి ఏడాది పోగొట్టుకోకూడదు. నెలలోపు వినికిడి పరీక్ష, మూడు నెలల్లోపు నిర్ధారణ, ఆరు నెలల్లోపు చికిత్స: మా వృత్తిలో కొలమానం ఇది. మేనరికాలు ఇంకా సాగుతున్న మన పల్లెల్లో పుట్టు చెవుడున్న పిల్లల్ని మూడేళ్ళు దాటాక తీసుకొస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది. ‘తలుపు చప్పుడుకు ఉలిక్కిపడతాడుగా’ అంటారు. తలుపు చప్పుడు వినబడినా ‘స’ లాంటి సన్నని ధ్వని వినబడకపోవచ్చు.

నా బల్ల మీద బొమ్మ కోడి, బొమ్మ కుక్క ఉంటాయి. ‘కుక్కని కోడి తరిమింది, చేసి చూపించు’ అంటాను. మూడేళ్ళ పిల్లలు చాలామంది కుక్క చేతే కోడిని తరిమిస్తారు. వాళ్ళు వీధిలో చూసేది అదే, పైగా ముందు వినబడిన పేరు కూడా కుక్కదే. ఆ చిన్న ‘ని’ని పట్టుకుని అర్థం తిప్పుకోవడం తర్వాతి మెట్టు. అయిదేళ్ళు దాటిన పిల్ల ఒక్క క్షణం ఆగి, పకపకా నవ్వి, కోడిని కుక్క మీదికి ఉరికిస్తుంది. నా పనిలో నాకు అన్నిటికంటే ఇష్టమైన క్షణం అదే. ‘మేం వెళ్తున్నాం’ అనగానే తనని వదిలేసి పోతున్నారని ఏడ్చే పిల్లని చూసినా సంతోషిస్తాను. ‘మనం’ అనలేదని ఆమె గమనించింది మరి.

పొలం పనుల్లో పిల్లాడి చేతికి ఫోనిచ్చి గట్టు మీద కూర్చోబెట్టడం పెరిగింది. తల్లుల్ని తప్పుపట్టలేను, కూలి పోతే పూట గడవదు. కానీ ఫోను వాడి చూపు ఎటుందో చూసి మాట్లాడదు. పత్తి తీస్తూనే వాణ్ణి పలకరించమంటాను, జవాబుకు కాస్త ఆగమంటాను.

తండాల నుంచి వచ్చే పిల్లలకు, ఇంట్లో లంబాడీయే మాట్లాడితే, తెలుగులో పరీక్ష పెట్టి వెనకబడ్డారని రాయను. బొమ్మలు తల్లి ముందుంచి, చేతులు కదపకుండా ఆమెనే తన భాషలో అడగమంటాను. పిల్ల చేసింది చూసి కార్డు నింపుతాను.