పదహారు మీటలు – పదహారు దీపాలు

విద్యుద్దీపాన్ని గూర్చి వ్రాసేవారు ఎడిసన్ మహాశయునితో ప్రారంభించడం కళాశాల పత్రికలలో ఒక ఆనవాయితీ. మేము ప్రస్తావింపబోయేది అంత పెద్ద దీపం కాదు. అయిదు మిల్లీమీటర్ల వెడల్పు గల, వేలి కొన క్రింద మరుగుపడిపోయే దీపం. అటువంటివి పదహారు, పామిడిముక్కలలోని మా ఇంటిలో, వీడియో ఆటల పెట్టె ఒకదానికి అమర్చవలసి వచ్చింది. ఎందుకు వచ్చిందో ముందు విన్నవించి, ఎట్లా అమర్చామో తరువాత చెబుతాము.

మేము ముగ్గురం అన్నదమ్ములం. ఈ వ్యాసంలో ‘మేము’ అంటున్నది పెద్దవారమైన ఇద్దరినే. మూడవవానికి పసితనం నుండి రేచీకటి. పగలు బడికి వెళ్ళి పాఠం చదివి వచ్చే పిల్లవాడే, ప్రొద్దు గూకితే గోడ పట్టుకొని నడుస్తాడు. కంటి తెరలో మసక వెలుతురును గ్రహించే దండాకార కణాలు క్రమంగా క్షీణిస్తున్నాయనీ, వాని విషయంలో దీనికి మందు లేదనీ, చూపు యొక్క వైశాల్యం ఏటేటా కుంచించుకుపోవచ్చుననీ కంటి వైద్యులు చెప్పారు. ఆ మాట విన్ననాటి నుండి మా అమ్మ సంధ్య పడకముందే ఇంటి దీపాలన్నీ వేస్తుంది.

మా మేనమామగారు 1990 దశకంలో బెజవాడలో చదువుకున్నారు. నాణెం వేసి, నిలుచుండి ఆడే ఆటల పెట్టెలను గూర్చి ఆయన చెప్పే ముచ్చట్లకు మా తమ్ముడు ముగ్ధుడు. 1978లో జపానులో పుట్టిన స్పేస్ ఇన్వేడర్స్, 1980లో వచ్చిన పాక్‌మాన్ వానికి పురాణగాథలు. “అన్నయ్యా, అటువంటి పెట్టె మన ఇంట్లో కట్టలేమా?” అని ఒకనాడు అడిగాడు. సెల్‌ఫోనులో ఆడుకోరాదా అన్న బంధువులు లేకపోలేదు. నున్నని గాజుపలక మీద వేలికి ఆనవాలు చిక్కదు. అంచు గల మీటైతే తడిమి తెలుసుకోవచ్చును. అది వారికి తట్టలేదు.

పెట్టె కట్టిన కథ దీర్ఘంగా చెప్పనక్కరలేదు. పాత ప్లైవుడ్డు బీరువా, ఒక పాత కంప్యూటరు తెర, అరచేతిలో ఇమిడే రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటరు, మీటల సంకేతాలను దానికి అందించే ఒక పలక — ఇంతే సామగ్రి. వడ్రంగి 28 మిల్లీమీటర్ల రంధ్రాలు పదహారు తొలిచాడు. ఆటగాని కొక్కరికి ఆరు మీటలు, ఆట మొదలుపెట్టడానికి ఒకటి, నాణేనికి బదులుగా నొక్కేది ఒకటి, ఇద్దరికి పదహారు.

అసలు చిక్కు చీకటిది. తెర వెలుగుతుంది, దాని క్రింది మీటల బల్ల నల్లగా ఉంటుంది. గదిలో దీపం వేస్తే తెర వెలవెలబోతుంది. తమ్ముని చూపు తెర మీద ఉన్నప్పుడు చేతుల దిక్కు వాని దృష్టి పరిధిలోకే రాదు. వాడు ముందు తల వంచి, వేళ్ళు ఎక్కడ ఉంచాలో చూచుకొని, ఆపైన తల ఎత్తాలి. ఆట మధ్యలో చెయ్యి జారితే మరల వంగి చూచుకోవాలి. ఆ క్షణంలో మీట కనబడకపోతే ఆట ముగిసినట్లే. ఇతరుల ఇళ్ళలో ఈ దీపాలు అలంకారమైతే కావచ్చును. మా ఇంట అవసరం.

మా ప్రాంతంలో పెళ్ళిపందిళ్ళకు సీరియల్ సెట్లు కట్టే మేస్త్రి ఒకరున్నారు. సలహా కోసం మేము ముందుగా పోయినది ఆయన వద్దకే. పాత సెట్లలో 6 వోల్టుల బుడ్డి దీపాలను ఒకదాని తోక ఒకదానికి ముడివేసి 230 వోల్టుల కరెంటుకు తగిలించేవారు. 230ని 6 చేత భాగిస్తే 38 వస్తుంది. కాబట్టి వరుసకు 38 దీపాలకు తక్కువ కాకుండా కట్టేవారు. మన భౌతికశాస్త్ర గ్రంథంలో శ్రేణి సంధానం అన్న అధ్యాయమంతా ఆయన చేతివ్రేళ్ళలో ఉన్నది. “బాబూ, మీ పెట్టెకు సీరియల్ పనికిరాదు. ఒక బుడ్డి పోతే పందిరంతా చీకటి. దేని దారి దానికి ఇవ్వండి” అన్నారు. దేని దారి దానికి ఇవ్వడమనగా సమాంతర సంధానం. పరీక్షలో రెండు మార్కులకు మేము వ్రాసిన నిర్వచనం కంటె ఆ మాట బాగున్నదని ఒప్పుకొనక తప్పదు.

అయితే ఎల్.ఇ.డి. అనేది బుడ్డి దీపం వంటిది కాదు. బుడ్డిలో తీగ కాలి వెలుగుతుంది. దీనిలో కాలేది ఏదీ లేదు. రెండు విధాల అర్ధవాహకాలు కలిసిన సంధి వద్ద విద్యుత్తు నేరుగా కాంతిగా మారుతుంది. 1962లో అమెరికాలో నిక్ హోలోన్యాక్ ఎర్రని దీపాన్ని చూపించాడు. ప్రకాశవంతమైన నీలి దీపం కోసం లోకం మరి ముప్పది ఏళ్ళు నిరీక్షించవలసి వచ్చింది. దానిని సాధించిన అకసాకి, అమానో, నకమురా అను ముగ్గురు జపాను శాస్త్రజ్ఞులకు 2014లో నోబెల్ బహుమతి లభించింది.

ఈ దీపానికి ధన, రుణ ధ్రువాలు గలవు, తిరగవేస్తే వెలగదు. ఎర్రనిదానికి సుమారు 2 వోల్టులు, నీలికి, తెల్లనిదానికి సుమారు 3 వోల్టులు అందే వరకు మౌనంగా ఉంటుంది. ఆ గడప దాటిందా, వోల్టేజి ఏ కొంచెం పెరిగినా ప్రవాహం విపరీతంగా పెరిగి తన్ను తానే చంపుకుంటుంది. కనుక ప్రతి దీపానికీ దాని సొంత నిరోధకం ఉండాలి. పదహారింటికీ కలిపి ఒక్క నిరోధకం పెడితే చాలదా అని అడిగే మిత్రులుంటారు. ఏ రెండు దీపాలూ అచ్చంగా ఒకే వోల్టేజి కోరవు. తక్కువ కోరే దీపం ఎక్కువ ప్రవాహాన్ని మ్రింగి ముందుగా పోతుంది, మిగిలినవాటి మీద భారం పడుతుంది.

నిరోధకం ఎంత ఉండాలో ఓమ్ నియమం చెబుతుంది. సరఫరా వోల్టేజి నుండి దీపం వోల్టేజి తీసివేసి, మిగిలినదానిని ప్రవాహం చేత భాగించాలి. 12 వోల్టుల మీద ఎర్ర దీపానికి 20 మిల్లీ ఆంపియర్లు కావలెనంటే 500 ఓములు. 5 వోల్టుల మీద 150 ఓములు చాలు. పాత కంప్యూటరు సరఫరా పెట్టెలో పసుపు తీగ 12 వోల్టులు, ఎర్ర తీగ 5 వోల్టులు, నల్ల తీగ భూమి. మేము ఎర్ర తీగ పక్షమే వహించాము. 12 వోల్టుల మీద ఖర్చయ్యే శక్తిలో ఆరింట ఐదు వంతులు నిరోధకంలో వేడిగా పోతుంది. వేసవిలో మా ఊరికి అదనంగా వేడి అక్కరలేదు. కొన్ని మీటల దీపాలలో 12 వోల్టులకు సరిపడు నిరోధకం లోపలనే ఉంటుంది. కొనేముందు అడిగి తెలుసుకోవాలి. మేము బెజవాడలో లోపల నిరోధకం లేనివి ఏరి తెచ్చుకున్నాము.

లెక్క ఇంతవరకు పుస్తకానిది. ఇక్కడ నుండి తమ్మునిది. వానిని చీకటి గదిలో కూర్చుండబెట్టి రంగు తరువాత రంగు వెలిగించి చూపాము. నీలం చూచి, “కళ్ళలో పొగమంచు కమ్మినట్టుంది, తీసెయ్యండి” అన్నాడు. తెలుపూ అంతే. తేనె రంగు దీపం దగ్గర ఆగాడు. “ఇది బాగుంది గాని అరుస్తోంది, కొంచెం తగ్గించన్నయ్యా” అన్నాడు. 150 ఓములు తీసి 470 పెట్టాము, ఇంకా తగ్గించమన్నాడు. 1000 ఓముల దగ్గర, కేవలం 3 మిల్లీ ఆంపియర్ల వద్ద, “ఇప్పుడు మీట కనిపిస్తోంది, ఇంతకుముందు దీపం కనిపించింది” అన్నాడు. పుస్తకం చెప్పిన 20 ఎక్కడ, ఈ 3 ఎక్కడ! పదహారు దీపాలకూ కలిపి 48 మిల్లీ ఆంపియర్లు, అనగా పావు వాటుకు లోపు. కంప్యూటరుకు వాడే 2.5 ఆంపియర్ల అడాప్టరుకు అది లెక్కలోనిది కాదు. అందువలన వేరే సరఫరా మానివేసి దాని నుండే తీగ తీశాము. కంప్యూటరు సంకేతపు కాళ్ళ నుండి మాత్రం ఈ దీపాలకు విద్యుత్తు తీయరాదు. వాటి శక్తి స్వల్పం.

మరొక సౌకర్యం మీటలోనే ఉన్నది. దానిలోని స్విచ్చికి మూడు కాళ్ళు: ఉమ్మడి కాలు, నొక్కనప్పుడు దానితో కలిసి ఉండేది, నొక్కినప్పుడు కలిసేది. ఉమ్మడి కాలిని భూమికి కలిపి, మూడవదానిని సంకేతాల పలకకు ఇచ్చి, దీపపు రుణ ధ్రువాన్ని రెండవదానికి తగిలించాము. మీట నొక్కగానే దీపం ఆరి, సంకేతం పోతుంది. వదలగానే మరల వెలుగుతుంది. పలకకూ దీపాలకూ భూమి ఒక్కటే కావడం చేతనే ఇది సాధ్యం. ప్రక్కన నిలుచున్నవారికి వాడు ఏ మీట నొక్కుతున్నాడో తెలుస్తుంది. నొక్కకుండానే ఆరి ఉన్న మీట కనబడితే అది ఇరుక్కున్నదనో, దీపం పోయిందనో గ్రహించవచ్చును.

కృష్ణ దిగువ గాలిలోని చెమ్మకు రాగి తీగ త్వరగా పచ్చబడుతుంది. తీగలు మెలిపెట్టి వదిలితే ఒక వర్షాకాలం దాటవు. కాబట్టి ప్రతి ముడికీ టంకం వేశాము. బందరు రోల్డుగోల్డు పనివారి టంకానికి మంట కావాలి. మాది తగరం, సీసం కలిసిన మెత్తని టంకం, 190 డిగ్రీల లోపుననే కరుగుతుంది. దీపానికి రెండు, నిరోధకానికి రెండు, స్విచ్చికి మూడు చొప్పున నూటికి పైగా అతుకులు. రెండు రాత్రులు పట్టింది.

కరెంటు పోయిన ఒక సాయంత్రం ఇన్వర్టరు మీద పెట్టె నడుస్తూనే ఉన్నది. ఇల్లంతా చీకటి. వంటింటి నుండి అమ్మ, “వాడెక్కడున్నాడ్రా?” అని కేక వేసింది. పిలిచిన ప్రతిసారీ మేమే జవాబు చెప్పేవారం. ఆనాడు వాడే, ఆట ఆపకుండా, “ఇక్కడే ఉన్నానమ్మా, ఒక్క నిమిషం” అన్నాడు.

తెచ్చిన దీపాలలో నాలుగు మిగిలాయి. వాటిని పెరటి మెట్లకు, మెట్టుకొకటి చొప్పున పెట్టమని వాడు అడుగుతున్నాడు. తేనె రంగే, 1000 ఓములే కావాలట. తీగ పొడవు కొలిచి ఉంచాము; వర్షాలు రాకముందే పని చేయాలి.