బూజు గోడ మీద లేదు!

సంక్రాంతికి ఇల్లంతా సున్నాలు వేయించి వారమైనా కాలేదు. పొద్దున్నే పేపరు చదువుతున్న రిటైర్డ్ మాస్టారికి ఎదురుగా నల్లటి పోగొకటి వేలాడుతూ కనిపించింది.

'ఏమేవ్, ఇక్కడ బూజు దులపలేదా?' అని కేకేశారు.

వంటింట్లోంచి వచ్చిన భార్య గోడ చూసింది, పైకప్పు చూసింది. 'ఎక్కడండీ బూజు? గది అద్దంలా ఉంటేనూ!' అంది.

మాస్టారు చేత్తో తోసేయబోయారు. అది చూపుతోపాటే కదిలింది. అటు చూస్తే అటు, ఇటు చూస్తే ఇటు. సాయంత్రానికి ఆ పోగు కాస్తా పొగమంచయింది. కుడికన్ను మూస్తే అంతా మామూలే. ఎడమకన్ను మూస్తే మాత్రం మనవడి ముఖం తెర వెనక ఉన్నట్టుంది.

ఆయనకు షుగరు వచ్చి 14 ఏళ్లు. బీపీ ఉందని తెలిసి ఎనిమిదేళ్లు. అలాగని నిర్లక్ష్యపు మనిషేం కాదు. కాఫీలో చక్కెర మానేశారు. రోజూ నడిచేవారు. బీపీ మాత్రలే... ఒకసారి నార్మల్ వచ్చిందని ఆపేశారు. ఇక కంటి పరీక్షంటే ఆయన లెక్కలో అద్దాల షాపులో అక్షరాలు చదవడమే. ఆఖరి వరుస దాకా గడగడా చదివేసి, 'నా కళ్లకేం, దివ్యంగా ఉన్నాయి' అనేవారు.

డాక్టరు కంట్లో చుక్కలు వేసి, కంటిపాప పెద్దదయ్యాక లోపల చూశారు. 'రెటీనా మీద కొత్త రక్తనాళాలు పుట్టాయండీ. అవి చాలా పలచన. కుడికంట్లో ఒకటి చిట్లింది. మీరు బూజనుకున్నది రక్తం' అన్నారు.

కంటి వెనక ఉండే పల్చని పొరే రెటీనా. దానికి రక్తమందించే నాళాలు చాలా సన్నం. ఏళ్ల తరబడి చక్కెర ఎక్కువైతే వాటి గోడలు దెబ్బతింటాయి. కొన్ని ఉబ్బి కారతాయి, కొన్ని మూసుకుపోతాయి. రక్తం అందని చోట కొత్త నాళాలు పుట్టుకొస్తాయి. బలహీనపడిన గొట్టంలో నీటి ఒత్తిడి పెంచితే ఏమవుతుంది? బీపీ చేసే పని అదే. షుగరు లేకపోయినా సరే, బీపీ ఒక్కటే రెటీనా నాళాలను దెబ్బతీయగలదు.

బ్రిటన్‌లో టైప్-2 మధుమేహులపై ఏళ్ల తరబడి సాగిన పెద్ద అధ్యయనం ఫలితాలు 1998లో వచ్చాయి. బీపీని గట్టిగా అదుపులో ఉంచినవారిలో రెటీనా జబ్బు ముదరడం మూడో వంతు దాకా తగ్గిందని తేలింది. మాస్టారు ఆపేసిన మాత్ర విలువ అది!

అన్నిటికంటే పెద్ద చిక్కు... ఈ జబ్బు మొదట్లో నొప్పి ఉండదు, చూపు తగ్గదు. ఆఖరి వరుస చదివేవారి కంట్లోనూ దాగి ఉండొచ్చు. అందుకే టైప్-2 షుగరు బయటపడిన వెంటనే ఒకసారి, తర్వాత సాధారణంగా ఏడాదికోసారి రెటీనా పరీక్ష చేయించుకోవాలి. చుక్కలు వేశాక కొన్ని గంటలు మసకగా ఉంటుంది కాబట్టి బండి నడపకుండా తోడు తీసుకెళ్లాలి. ఉన్నట్టుండి నల్లచుక్కలు, మెరుపులు, తెర కనిపిస్తే మాత్రం ఆ రోజే వెళ్లాలి.

మాస్టారికి రెండు కళ్లకూ లేజరు చేశారు. 'ఇది ఉన్న చూపు కాపాడటానికే, పోయింది తేవడానికి కాదు' అని డాక్టరు ముందే చెప్పారు. కొన్ని నెలలకు రక్తం కరిగింది గానీ కుడికంటికి పాత చూపు రాలేదు. ఎడమకన్ను నిలిచింది. పేపరు ఇప్పుడు దాంతోనే చదువుతున్నారు. టిఫిన్ కాగానే బీపీ మాత్ర తనే అడిగి వేసుకుంటున్నారు.

పార్కులో తోటివారు 'నాకు షుగరు 130, నాకు 150' అని లెక్కలు చెప్పుకుంటుంటే ఆయన మధ్యలో ఆపుతారు. 'అది సరేనయ్యా... కంట్లో చుక్కలు వేయించుకుని ఎన్నాళ్లయింది?'

చాలామంది దగ్గర జవాబుండదు. మరి మీ ఇంట్లో?