భద్రాచలం రోడ్డు, చార్మినార్ స్టేషన్



కొత్తగూడెం రైల్వే స్టేషన్ బోర్డు మీద ‘భద్రాచలం రోడ్’ అని ఉంటది. కొత్తగా వచ్చినవాళ్లు దిగంగనే గుడి ఎటు అని అడుగుతరు. ఇంకో 40 కిలోమీటర్లు బస్సులో పోవాలంటే మొహం వాడిపోతది. మనకిది చిన్నప్పటి నుంచి తెలిసిన ముచ్చటే.

మొన్న ఆదివారం పాతబస్తీలో నడుస్తుంటే అదే గుర్తొచ్చింది. మనం ఊరి నుంచి వచ్చి దిగే ఇమ్లీబన్ బస్టాండ్ పక్కనే మెట్రో ఆగిపోయి ఉంది. జేబీఎస్ నుంచి ఫలక్‌నుమా దాకా పోవాల్సిన లైను అది. 2020 ఫిబ్రవరి 7న ఇక్కడి వరకే మొదలైంది. మిగిలిన ఐదున్నర కిలోమీటర్లకు 2024 మార్చి 8న శంకుస్థాపన చేశారు. తర్వాత చాంద్రాయణగుట్ట దాకా పొడిగించి 7.5 కిలోమీటర్లు అన్నారు.

ఈ లైను చార్మినార్ ముందు నుంచి పోదు. మూసీ దాటి దారుల్‌షిఫా, పురానీ హవేలీ, ఏతెబార్ చౌక్, మీర్ మోమిన్ దాయెరా మీదుగా తిరిగి శాలిబండకు వస్తుంది. కట్టడాలకు దెబ్బ తగలకూడదని ఆ వంపు. సాలార్‌జంగ్ మ్యూజియం, చార్మినార్ అనే పేర్లు మాత్రం స్టేషన్లకు ఉంచారు, అసలువి సుమారు అర కిలోమీటరు దూరంలో ఉన్నా సరే. మన 40 కిలోమీటర్లతో పోలిస్తే అదేం దూరం కాదులెండి! వంపు తిప్పడం కూడా సరైన పనే అని నా అభిప్రాయం. నాలుగు వందల ఏళ్ల కట్టడం పక్కన పిల్లర్లు నిలబెట్టడం నాకూ ఇష్టం లేదు.

కాకపోతే వంపు తిరిగిన చోట ఇళ్లున్నాయి, దుకాణాలున్నాయి. రోడ్డును వంద అడుగులకు, స్టేషన్ల దగ్గర 120కి వెడల్పు చేయాలి. పోయే ఆస్తులకు గజానికి 81,000 రూపాయలు ఖరారు చేసి, 2025 జనవరిలో చెక్కులు ఇవ్వడం మొదలుపెట్టారు. చిన్న మొత్తమేం కాదు.

ఒక టైలర్ షాపు ముందు ఆగి మాట కలిపిన. పెద్దాయన మిషన్ ఆపకుండానే అన్నడు: “మాలిక్‌కు చెక్కొస్తది బేటా. నేను కిరాయిదార్‌ని. గిరాకీ అంతా ఈ గల్లీదే, దాన్ని ఏడికి తీస్కపోవాలె?”

2013 భూసేకరణ చట్టంలో ‘బాధిత కుటుంబం’ అంటే యజమాని ఒక్కడే కాదు. పట్టణాల్లో మూడేళ్లుగా ఆ చోటనే బతుకుదెరువు ఉండి, అది దెబ్బతిన్న కుటుంబం కూడా లెక్కలోకి వస్తుంది. ఆయనకు ఈ సంగతి ఎవరూ చెప్పలేదట. నేను చెప్తే అద్దాలు పైకి జరిపి నన్నే చూసిండు, నమ్మినట్టు లేడు.

ఇదంతా మనకెందుకంటే, మల్కన్‌గిరి–పాండురంగాపురం లైనుకు 2024 ఆగస్టులో కేంద్ర కేబినెట్ ఒప్పుకుంది. భద్రాచలం మీదుగా, 173 కిలోమీటర్లు. రైలు రావాలి, నాకూ కావాలి. బోర్డు మీద పేరున్న ఊళ్లోనే స్టేషన్ ఉంటే ఇంకా సంతోషం. కానీ అది కూడా ఎక్కడో ఒకచోట వంపు తిరుగుతది. పట్టా ఉన్నోళ్ల పేర్లు కాగితంలో ఉంటయి. కౌలుకు చేసేటోళ్లు, పట్టా రాని పోడు రైతులు మన దగ్గర కిరాయిదార్లే కదా. షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమి తీసుకునే ముందు గ్రామసభనో, పై స్థాయి పంచాయతీనో సంప్రదించాలని 1996 పెసా చట్టం చెబుతుంది. ఆ రోజు వచ్చేదాకా ఆగకుండా, ఏ చేను ఎవరు ఎన్నేళ్ల నుంచి దున్నుతున్నరో రాసి పెట్టుకోవాలి.

సెలవులకు పోయినప్పుడు మా గుంపు నుంచి నేను మొదలుపెడుతున్నా. ఒక్క నోటుబుక్కు చాలు. బూర్గంపాడు, భద్రాచలం వైపు తమ్ముళ్లు, చెల్లెళ్లు ఎవరెవరు వస్తరో చెప్పండి.